రెండో బండి టాక్స్

"మేడం, ఇది మీకు రెండో కారు కదా. లైఫ్ టాక్స్ రెండు శాతం ఎక్కువ పడతది" అంది హనుమకొండ షోరూములో కౌంటర్ వెనక కూర్చున్న ఆవిడ.

నాకు నవ్వొచ్చింది. అప్పటిదాకా నేను సైకిలు కూడా కొన్నదాన్ని కాదు. ఎడమ కాలికి పోలియో. తొడ దాకా ఇనుప క్యాలిపర్, చంకలో కర్ర. ఆ రోజు కూడా భూపాలపల్లి నుంచి బస్సులోనే వచ్చాను. ఇంకెవరి పేరో చూస్తున్నారేమో, సరిగ్గా చూడండి అన్నాను. ఆవిడ కంప్యూటర్ తెర నా వైపు తిప్పింది. నా పేరు, బాపు పేరు, జనగామ చిరునామా, దాని కింద ఒక తెల్ల కారు నంబరు ఉన్నాయి.

"పైగా ఈ పాత బండికి వికలాంగుల కోటాలో లైఫ్ టాక్స్ మాఫీ తీసుకున్నరు మేడం. అది మీ పేరు మీద ఉన్నంత కాలం కొత్త బండికి మాఫీ రాదు. ముందు ఆ బండి ఎవరి పేరు మీదికన్నా మార్పియ్యండి" అంది. బడిలో పిల్లలకు నేను శాతాలు చెప్తాను. ఎనిమిది లక్షల బండికి రెండు శాతమంటే పదహారు వేలని ఆవిడ క్యాలిక్యులేటర్ తీసేలోపే తెలిసిపోయింది. పోయిన మాఫీ లక్ష దాటుతుంది. ఒక్క బండైనా లేని నేను రెండు బండ్ల ఆసామిని ఎలా అయ్యానన్నది మాత్రం కాసేపు బుర్రకెక్కలేదు.

తర్వాత గుర్తొచ్చింది. అది మా అన్న బండి.

మాది కొడకండ్ల దగ్గర పల్లెటూరు. అన్నకు జనగామలో బోరు మోటార్ల దుకాణం. బాపు పోయాక ఇంటికి పెద్ద ఆయనే. ఐదేళ్ళ కింద ఒక ఆదివారం, అప్పుడు టీచరుగా పనిచేస్తున్న మహబూబాబాద్ నుంచి నేను ఇంటికి వెళ్ళినప్పుడు, అన్నం పెట్టించి పక్కన కూర్చుని చెప్పాడు.

"చెల్లె, కారు తీస్కుందామనుకుంటున్న. నీ పేరు మీద తీస్తే జీఎస్టీ తగ్గుతది, లైఫ్ టాక్స్ మొత్తానికే మాఫీ. నీకు సదరం సర్టిఫికెట్ ఉంది గద. లక్షన్నర దాక మిగులుతది."

నేను వెంటనే సరేనన్నాను. సరేననడమే కాదు, లోపల గర్వపడ్డాను కూడా. దాచడమెందుకు. నాకు బుద్ధెరిగినప్పటి నుంచి ఈ కాలు మా ఇంటికి ఖర్చే. బాపు నన్ను భుజాన వేసుకుని వరంగల్ దవాఖాన చుట్టూ తిరిగిన తిరుగుళ్ళకు రెండెకరాల పంట డబ్బులు ఎటు పోయాయో తెలియదు. అలాంటి కాలు ఇంట్లో ఒకరికి లక్షన్నర మిగిల్చి పెడుతుందంటే నాకు పండగలా అనిపించింది.

బండి వచ్చిన రోజు నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి ఫోటో తీశారు. క్లచ్ చేత్తో పట్టుకునేలా ఒక ఇనుప లివర్ బిగించి ఉంది. ఆఫీసరు వచ్చి చూడాలి కాబట్టి బిగించారు. "స్టీరింగ్ మీద చేతులు పెట్టు, నవ్వకు" అన్నాడు అన్న. నవ్వకుండా కూర్చున్నాను. మర్నాటి సాయంత్రానికి ఆ లివర్ ఊడదీయించేశాడు. ఫోటో అయ్యాక బండి బానెట్ మీద కాగితాలు పరిచి ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టాను. పిల్లల జవాబు పత్రాల్లో యూనిట్లు రాయకపోతే అర మార్కు కోసేదాన్ని, ఆ కాగితాల్లో ఒక్కటీ చదవలేదు. అన్న పెట్టమంటే చదవడమేంటి అనుకున్నాను.

ఆ బండి నేను ఎక్కింది రెండే సార్లు. ఒకసారి రఘునాథపల్లిలో పెళ్ళికి, ఇంకోసారి బాపు సంవత్సరీకానికి. రెండు సార్లూ వెనక సీట్లోనే.

ఇంతలో మహబూబాబాద్‌లో ఇంకో సంగతి జరిగింది. మా బళ్ళో సైన్సు చెప్పే అక్క ఆటోమేటిక్ కారు కొంది. దానికి క్లచ్ ఉండదు, ఎడమ కాలితో పనే లేదు. "ఒక్క కుడికాలు చాలు, నీకది మంచిగనే ఉంది గద, నేర్సుకో" అంది. ఆదివారాలు మిర్చి యార్డు ఖాళీగా ఉండేది. ఎండిన మిరపకాయల ఘాటుకు ఇద్దరం తుమ్ముకుంటూ ఆ సిమెంటు నేల మీద చుట్లు తిరిగాం. మొదటి రోజు బండి నా కాలి కింద కదిలినప్పుడు నేను ఏడ్చాను. ముప్పై తొమ్మిదేళ్ళలో మొదటిసారి నేను పోవాలనుకున్న చోటికి, పోవాలనుకున్నంత వేగంగా పోయాను. ఆరు నెలలకు లైసెన్సు చేతికొచ్చింది. ఇంట్లో చెప్పలేదు. చెప్తే భయపడతారు, వద్దంటారు. బండి కొన్నాకే చెప్దామనుకున్నాను.

తర్వాత భూపాలపల్లి జిల్లాకు బదిలీ. టౌన్లో గది తీసుకున్నాను. బడి అక్కడికి ఇరవై కిలోమీటర్లు. ఆటో క్రాసు దాకా వస్తుంది, అక్కడి నుంచి బడికి రెండున్నర కిలోమీటర్ల మట్టి రోడ్డు. బొగ్గు లారీలు తిరిగి తిరిగి గుంతలు పడ్డ రోడ్డు. వానాకాలంలో రెండు సార్లు పడ్డాను. రెండోసారి క్యాలిపర్ వంగిపోయింది. ఇప్పుడు హాజరు ఫోనులో ముఖం చూపించి వేసుకోవాలి. ఆలస్యమైతే ఆలస్యమనే పడుతుంది, కాలు బాగాలేదంటే ఆ ఫోనుకు వినపడదు. తోటి టీచరు తన స్కూటీ మీద క్రాసు నుంచి దించుతూ ఉండేది గాని, ఆమెకు ఆ ఎండాకాలంతో రిటైర్మెంటు. కర్ర మీద బరువేసీ వేసీ భుజం కీలు అరిగిపోయింది, ఇలాగే నడిస్తే రెండేళ్ళలో చెయ్యి లేవదని డాక్టరు చెప్పాడు. జూన్‌లో బడి తెరిచేలోగా బండి లేకపోతే నాకు ఉద్యోగం లేదు. అందుకే ఆ షోరూముకు వెళ్ళాను.

హనుమకొండ నుంచి భూపాలపల్లి బస్సెక్కకుండా నేరుగా జనగామ బస్సెక్కాను. పెద్ద కోపమేమీ లేదు అప్పటికి. అన్నతో చెప్పి బండి ఆయన పేరు మీదికి మార్పించుకుంటే సరిపోతుంది, అంతే కదా అనుకుంటూ పోయాను.

అన్న దుకాణంలో మోటారు విప్పుకుని కూర్చున్నాడు. ముందు బయట నిలబెట్టి ఉన్న బండి చూశాను. అది తెల్లది కాదు, పెద్దది, నల్లది.

"అన్నా, నా పేరు మీదున్న బండి ఏదే?"

"అమ్మిన గద" అన్నాడు తలెత్తకుండానే.

నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను.

"ఏడాదిన్నర కావస్తుంది చెల్లె. పెద్ద బండి తీస్కున్న, అది అక్కెరలేకపాయె. భూపాలపల్లి దిక్కు బాయిల పనిచేసేటాయినకిచ్చిన."

మా వైపు బాయి అంటే పొలం బావి. ఆ వైపు బొగ్గు గని. నేను ఉంటున్న ఊళ్ళోనే, నా పేరు మోస్తూ, ఒక బండి ఏడాదిన్నరగా తిరుగుతోంది. నేను క్రాసు దగ్గర ఆటో కోసం నిలబడి ఉన్నాను.

"నా సంతకం లేకుండ ఎట్ల అమ్మినవన్నా?"

"అప్పుడే పెట్టించుకున్న గద అన్నిటి మీద. ఖాళీ ఫారాల మీద గూడ పెట్టించుమన్నరు, మళ్ల నిన్ను పరేషాన్ చేసుడెందుకని."

"మరి పేరు ఎందుకు మార్పియ్యలే?"

అప్పుడు తలెత్తాడు. ఏమీ తెలియని పిల్లకు చెప్పినట్టు ఓపికగా చెప్పాడు. "పేరు మారిస్తే మాఫీ పోతది. బండి నీ పేరు మీదున్నన్ని దినాలు దానికి టాక్స్ లేదు. కాళ్ళు మంచిగున్నోని పేరు మీదికి పోయిందంటే మాఫీ అయిన టాక్స్ కట్టుమంటరు, డెబ్బై వేల పైన. అందుకే ఎవ్వలు మార్పియ్యరు. ఓపెన్ పేపర్లిచ్చి అమ్ముకుంటరు. గిట్ల మస్తు మంది చేస్తరు, నువ్వొక్కదానివేనా?"

జీఎస్టీ తగ్గించినందుకు ఐదేళ్ళు అమ్మనని నేను రాసిచ్చానట. ఆ నకలు ఆ పొద్దునే షోరూములో చూశాను, కింద నా సంతకం ఉంది. మూడున్నరేళ్ళకే అమ్మేశాడు. అది చెప్తే "రాసిస్తరు, అందరు రాసిస్తరు" అన్నాడు. అబద్ధం మీద ఉన్నది అందరి సంతకం కాదు కదా, నాది కదా. అన్న మంచినీళ్ళు తెప్పించాడు.

"ఇప్పుడిదంత నీకెందుకు చెల్లె?"

"నేను బండి కొంటున్న."

"బండా? నీకా?" అన్నాడు. షోరూములో ఆవిడ చెప్పిన లెక్కంతా చెప్పాను. విని, "సరే తీ, రెండు శాతమే గద ఎక్కువ. ఆ పదహారు వేలు నేనిస్త. ఆ పేరు జోలికి మాత్రం పోకు" అన్నాడు. కొన్నాయన ఫోన్ నంబరు అడిగి రాసుకుని వచ్చేశాను. బస్సు రఘునాథపల్లి దాటేదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను. అన్న నన్ను మోసం చేశాడని అప్పటికి అనిపించలేదు. తెలియక చేశాడు, డబ్బు మీద ఆశ, అంతే అనుకున్నాను.

మరుసటి ఆదివారం ఆ కొన్నాయన ఇంటికి వెళ్ళాను. గని కార్మికుల క్వార్టర్ల వరసలో చివరి ఇల్లు. గేటు ముందు తెల్ల బండి. నా పేరు మీదున్న బండిని ఇన్నాళ్ళకు మళ్ళీ చూశాను. వెనక అద్దానికి చిన్న శిలువ వేలాడుతోంది. తలుపు తీసినావిడకు నా పేరు చెప్పాను, ఈ బండి కాగితాల మీద ఉన్నది నా పేరే అన్నాను.

ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని గేటు దాకా తొంగి చూసింది. తర్వాత రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, "దేవునికి స్తోత్రం! లేచిన్రా అక్కా?" అంది.

లేవడమేమిటో నాకు తెలియలేదు. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని లోపలికి తీసుకుపోయి కుర్చీలో కూర్చోబెట్టింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు. "ఏడాదిన్నర సంది ప్రతి ఆదివారం చర్చిల మీ పేరు చెప్పి ప్రార్థన చేపిస్తున్న అక్కా. పొద్దుగాల గూడ చేపిచ్చిన. ఒక్కదానివే వచ్చినవా, కర్ర పట్టుకొని నడుసుకుంట వచ్చినవా?" అంటోంది. భర్త లోపలి నుంచి వచ్చాడు, యాభై ఏళ్ళ మనిషి, రాత్రి షిఫ్టు చేసి అప్పుడే లేచినట్టున్నాడు. భార్య చెప్పింది విని ఆయన కూడా నిలబడిపోయాడు.

"నాకేం జబ్బు చేసిందమ్మా?" అని అడిగాను.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయనే చెప్పాడు, చాలా ఇబ్బంది పడుతూ. "ఏమనుకోవద్దు మేడం. నేను మీ అన్నను అడిగిన, పేరు మార్చకపోతే రేపు మీ చెల్లె బండి కొనుక్కుంటే నాకు తిప్పలైతది గద అని. దానికి మీ అన్న ఏమన్నడంటే, మా చెల్లె మంచం దిగదు, కొలువు లేదు, లైసెన్సు లేదు, ఆమె బతుకుల బండి కొనేది లేదు, పేరు ఎన్నేండ్లున్నా నీకు ఫికరు లేదు అన్నడు. ఆ మాట మీదనే నలభై వేలు ఎక్కువ పెట్టిన."

టీ గ్లాసు చేతిలోకి ఎప్పుడొచ్చిందో తెలియదు, వేలు కాలుతోందని కూడా తెలియలేదు. పద్నాలుగేళ్ళు బోర్డుకు ఆనుకుని నిలబడి పాఠం చెప్పాను. డిగ్రీ హాస్టల్లో మూడో అంతస్తు మెట్లు కూర్చుని కూర్చుని ఎక్కాను. ఆ అన్నే నన్ను డీఎస్సీ పరీక్షకు తీసుకెళ్ళి సెంటరు బయట ఎండలో మూడు గంటలు నిలబడ్డాడు. ఉద్యోగం వచ్చినప్పుడు జనగామంతా స్వీట్లు పంచాడు. ఇంత తెలిసిన మనిషి, ఒక తెలియని మనిషి ముందు కూర్చుని, నన్ను మంచాన పడుకోబెట్టాడు. కొలువు తీసేశాడు. నా బతుకు మొత్తానికి నేనేం కొనగలనో, కొనలేనో ఆయనే తేల్చేశాడు.

లేచి వరండాలోకి వచ్చి అన్నకు ఫోన్ చేశాను. హలో అనకుండానే అడిగాను. "అన్నా, నేను మంచం దిగనా?"

"అట్లంటేనే నమ్మిండు చెల్లె" అన్నాడు. "బేరంల మాట. బేరంల సవాలక్ష అంటం. నిన్ను అన్నట్టా?"

"ఎవర్నన్నవ్ మరి? నీకు ఇంకో చెల్లె ఉందా?"

జీవితంలో ఎన్నడూ అన్న మీద గొంతు పెంచలేదు. ఆ రోజు క్వార్టర్ల వరసంతా బయటికొచ్చేలా అరిచాను. ఆ నలభై వేలు నా కాలు అమ్మిన సొమ్మని అన్నాను. ఆ సొమ్మూ, టాక్స్‌కు ఇంకా తక్కువ పడే ముప్పై వేల చిల్లరా పట్టుకుని వచ్చి, టాక్స్ కట్టి, ఆ బండి మీద నుంచి నా పేరు తీసేయమన్నాను. రాకపోతే ఏం చేస్తానో నాకే తెలియదన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ ఇంటావిడ నా వీపు రాస్తూ ఉంది. "మరి నేను గిన్ని దినాలు చేసిన ప్రార్థన ఎవరికక్కా?" అంది మెల్లగా. ఆమె నవ్వించడానికి అనలేదు. నిజంగానే ఆమెకు అంతుబట్టలేదు. మా అన్నకు అనుకో అన్నాను.

పది రోజులు అన్న నుంచి ఫోన్ లేదు. ఆ పది రోజుల్లో షోరూముకు ఫోన్ చేసి, కొత్త బండి కోసం పెట్టిన జీఎస్టీ రాయితీ అర్జీ వెనక్కి తీసుకున్నాను. ఐదేళ్ళు దాటాయి కాబట్టి మళ్ళీ వస్తుంది మేడం అని ఆవిడ చెప్తూనే ఉంది. పాత బండి గడువు నిండేదాకా అమ్మలేదని ఏ మూలైనా రాయాల్సొస్తే తెలిసి తెలిసి రాయలేను. అంత డబ్బు వదులుకోవడం నాకు కష్టమే, బ్యాంకు అప్పు ఇంకో ఏడాది సాగుతుంది. అయినా ఆ రాత్రి నిద్ర పట్టింది.

పదకొండో రోజు అన్నే ఫోన్ చేసి వస్తున్నానన్నాడు. స్లాట్ ఆయనే బుక్ చేయించాడు. భూపాలపల్లి రవాణా ఆఫీసు ముందు కొన్నాయన, నేను ముందే వచ్చి వేప చెట్టు కింద నిలబడ్డాం. అన్న బస్సు దిగి వచ్చాడు, నల్ల బండి తేలేదు. గడ్డం పెరిగి ఉంది. చేతిలో అరటిపళ్ళ కవరు. నా ముఖం చూడలేక కొన్నాయన ముఖమే చూస్తూ టాక్స్ ఎంతో, ఎక్కడ కట్టాలో మాట్లాడాడు. డబ్బు కట్టేశాడు. రసీదు నా చేతిలో పెట్టి, "తప్పయింది చెల్లె" అన్నాడు. నా కోపం సగం అక్కడే కరిగిపోయింది. ఎంతైనా అన్న.

ఇక అమ్మినవాళ్ళు, కొన్నవాళ్ళు కౌంటర్ దగ్గర సంతకాలు పెట్టాలి. కౌంటర్‌కు ఐదు మెట్లు. పక్కన పట్టుకోవడానికి ఏమీ లేదు.

"నువ్వు ఈడనే కూసో. నేను చూసుకుంట" అన్నాడు అన్న, నన్ను చెట్టు కింది అరుగు మీద కూర్చోబెట్టి, అరటిపళ్ళ కవరు ఒళ్ళో పెట్టి. కొన్నాయనతో కలిసి పైకి వెళ్ళాడు.

కవరు అరుగు మీద పెట్టేసి లేచాను. కర్ర పై మెట్టు మీద పెట్టి, కుడికాలు వేసి, ఎడమ కాలిని లాక్కుని, ఒక్కో మెట్టూ ఎక్కాను. నా ముందు జనం పక్కకు జరిగి దారిచ్చారు. పైకి చేరి అన్న వీపు వెనక నిలబడి ఊపిరి తీసుకుంటున్నాను.

లోపలి మనిషి అడుగుతున్నాడు. "అమ్మేటామె ఏది?"

"మా చెల్లె రాలేదు సార్" అన్నాడు అన్న. "ఆమెకు నడవరాదు. ఆమె బదులు నేనే పెడత సంతకం, జర చూడున్రి."

కొన్నాయన నన్ను చూసి నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఆయన చూపు పట్టుకుని అన్న వెనక్కి తిరిగాడు. ఆ ముఖంలో మోసం లేదు. దొరికిపోయానన్న బెదురు కూడా లేదు. ఇంత కష్టపడి మెట్లెందుకెక్కావే అన్న బాధే ఉంది. నాకు భయమేసింది. ఆ మాట బేరం కోసం పుట్టింది కాదు. ఈ మనిషి ఎన్నేళ్ళుగా ఎన్ని కిటికీల ముందు, ఎంత ప్రేమగా ఇదే మాట చెప్పి ఉంటాడో!

"అన్నా, జరంత పక్కకు జరుగు" అన్నాను. "సంతకం పెట్టేది నేను."